నన్నారి: ఒక పేరు, రెండు తీగలు

వైశాఖమాసపు మధ్యాహ్నమున, శేషాచలపు రాతిచరియలు పట్టియుంచిన యెండవేడి ఊరిమీదికి ఆవిరివలె దిగుచున్న వేళ, తిరుపతి వీధులలో నడచువాని కాలు తనంత తానే సోడాబండి యొద్ద ఆగును. బండివాడు నల్లెరుపు పాకమును రెండంగుళముల మేర గాజుగ్లాసులోనికి వంచి, నిమ్మచెక్క పిండి, నానిన సబ్జాగింజలు ఒక చెంచాడు వేసి, చల్లని నీటితోనో సోడాతోనో నింపి చేతికిచ్చును. గ్లాసు పెదవికి తగులక మునుపే ముక్కునకు తగులు ఆ పరిమళము పువ్వుది కాదు, పండుది కాదు. తొలివాన తడిపిన మన్నును, పాతబడిన చందనపు పెట్టెను, మరిగిన పాలను ఒక్కసారిగా తలపునకు తెచ్చు వాసన అది. రాయలసీమ దక్షిణభాగమున పుట్టి పెరిగినవానికి వేసవి యనగా ఆ వాసనయే. దాని పేరు నన్నారి.

"ఇది దేనితో చేసినది?" అని బండివాని నడిగినచో "వేరు సామీ" అనును. "ఎక్కడి వేరు?" అన్నచో చేయెత్తి కొండవైపు చూపును. రెండు సమాధానములును సత్యములే. అయితే ఆ వేరు ఏ మొక్కదని మూడవ ప్రశ్న వేసితిమా, అక్కడినుండి కథ చీలిపోవును. ఏలయన నన్నారి యను నొక్క పేరు క్రింద ఈ ప్రాంతమున రెండు వేర్వేరు మొక్కలు దాగియున్నవి. ఒకటి మన పొలముల కంచెలలో, పొదలలో, గట్ల వాలులలో ఎవరికంటను పడక ప్రాకుచుండు సన్నని తీగ. రెండవది కొండల రాతినెఱ్ఱెలలో మాత్రమే బలిసి పెరుగు పెద్ద తీగ. శాస్త్రములు స్తుతించినది మొదటిదానిని; నేడు బస్తాలకొలదిగా త్రవ్వబడి బజారునకు దిగుచున్నది అధికముగా రెండవది. ఈ తారుమారును స్పష్టముగా గ్రహింపనిదే నన్నారి వైద్యగుణములను గూర్చి ఎంత చెప్పినను అది గాలిలో కట్టిన మేడయే యగును.

పేర్లలో ఇట్టి కలగలుపు ఏర్పడుటకు ఈ సీమయొక్క భౌగోళిక స్థితియే మొదటి కారణము. 1911 ఏప్రిల్ 1వ తేదీన, ఉత్తరార్కాడు జిల్లానుండి కొన్ని తాలూకాలను, కడప జిల్లానుండి కొన్నింటిని చేర్చి ఏర్పరచిన చిత్తూరు జిల్లా మూడు భాషల కూడలి. కుప్పము సంతలో ఒకే గంపయొద్ద నిలిచిన ముగ్గురు ఒకే వేరును మూడు పేర్లతో పిలుతురు. కంచెతీగను తెలుగువారు సుగంధిపాల యనియు పాలసుగంధి యనియు, తమిళులు నన్నారి యనియు, కన్నడిగులు సొగదె బేరు అనియు వ్యవహరింతురు. కొండతీగను తమిళులు మాగళి కిళంగు అనియు, కన్నడిగులు మాకళి బేరు అనియు వేరుచేసి చెప్పగా, మనవారు మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు అని కొందరును, నన్నారి కొమ్ములు అని కొందరును, బఱ్ఱె సుగంధి యని కొందరును అందురు. శివపూజకు వాడు మారేడు చెట్టునకును ఈ మారేడు గడ్డకును ఏ చుట్టరికమును లేదు. నన్నారి కొమ్ములన్న పేరులోని "కొమ్ములు" కాలక్రమమున జారిపోయి నన్నారి మాత్రమే నిలువగా, రెండు మొక్కలును ఒక్క సీసాలో కలిసిపోయినవి.

సుగంధిపాల తీగను ఒక్కసారి గుర్తించినవాడు మరల మరువడు. దారముకంటె కొంచెము లావైన కాడ, కణుపునకు రెండేసి ఎదురెదురాకులు. ఆకు మధ్యమున ఈనె వెంబడి తెల్లని చార సున్నపు గీతవలె పరచుకొనియుండును. చిత్రమేమన, ఒకే తీగపై కొన్ని ఆకులు గడ్డిపోచవలె సన్ననై, కొన్ని కోడిగ్రుడ్డువలె వెడల్పై యుండుట కలదు. అందుచేత ఆకు రూపు నొక్కదానినే నమ్ముకొన్నవాడు మోసపోవును. ఆకు త్రుంచినచో పాలు కారును. పువ్వులు చిన్నవి, వెలుపల ఆకుపచ్చనై లోపల ఊదారంగు గలవి, ఆకు మొదట గుంపుగా దాగియుండును. వేరు పొడుగు, సన్నము, గట్టి. పైబెరడు ముదురు గోధుమవన్నె. దానిని గోటితో గీచినంతనే పరిమళము లేచును. మొక్క యంతటికిని ఆయువుపట్టు ఆ బెరడే. నడుమనుండు కఱ్ఱలో సువాసన మిగుల తక్కువ.

మారేడు గడ్డ స్వభావము వేరు. ఇది ఎండుటడవులలోని రాతివాలులయందు, ఇతరవృక్షములు నిలువలేని చోట, బండల సందున దుంపలను గుత్తులుగా దించి, పైన చెట్ల నల్లుకొని పెరుగును. దుంపలు కండగలవై, వ్రేలికంటె లావై, ముల్లంగివలె సాగియుండును. ఒక ముక్క నోటవేసి నమిలినచో మొదట తీపి తోచి, పిమ్మట నాలుక చిమచిమలాడి, కొంతసేపు తిమ్మిరెక్కినట్లుండును. తలకోన జలపాతము చుట్టునున్న అడవులును, తిరుమల కొండల వెనుకటి లోయలును దీనికి పుట్టినిండ్లు. నగరి మొదలుకొని తిరుమల వరకును ఈ కొండల శిఖరములను కప్పియున్న గట్టి స్ఫటికశిల నెఱ్ఱెలు విచ్చి, ఆ నెఱ్ఱెలలో పిడికెడు మన్నును ఆ మంటిలో కొంత తడిని దాచియుంచును. ఆ పిడికెడు మంటితో జీవింప నేర్చిన మొక్క యిది. దక్షిణభారతమున తప్ప ప్రపంచమున మరెచ్చటను ఇది సహజముగా మొలవదు.

రెండు తీగలును దగ్గరి బంధువులే. జిల్లేడు కుటుంబమున చేరియుండిన ఈ జాతులను నేటి వృక్షశాస్త్రజ్ఞులు గన్నేరు కుటుంబమున కలిపినారు. జిల్లేడుకాయ పగిలినప్పుడు పట్టువంటి దూది తగిలించుకొని గాలిలో తేలిపోవు గింజలను పట్టుకొనుటకు పరుగెత్తని బాలుడు మన పల్లెలలో లేడు. సుగంధిపాలకును మారేడు తీగకును అట్టి జంటకాయలే, అట్టి దూదిగింజలే. లిన్నేయసు 1753లో సుగంధిపాలను పెరిప్లోకా జాతిలో చేర్చెను. రాబర్టు బ్రౌను పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున దానిని విడదీసి హెమిడెస్మస్ అను క్రొత్త జాతి నేర్పరచెను. ఇండికస్ అను విశేషణము దాని దేశమును చెప్పును. మారేడు తీగను 1834లో రాబర్టు వైటు, ఆర్నటు అను నిరువురు డెకాలెపిస్ హామిల్టోనియై అని పేర్కొనిరి. గ్రీకుభాషలో డెకా యనగా పది, లెపిస్ అనగా పొలుసు.

ఇక ప్రాచీన వైద్యగ్రంథములు చెప్పినదానిని చూతము. సంస్కృతమున సుగంధిపాలకు శారిబ, అనంత, గోపి, ఉత్పలశారిబ మొదలగు నామములు కలవు. అనంతమూలమను పేరు ఉత్తరదేశమంతటను నేటికిని వాడుకలో నున్నది. చరకసంహితయందు ఔషధములను వాని పనినిబట్టి యేబది వర్గములుగా కూర్చి, వర్గమునకు పదేసి ద్రవ్యముల చొప్పున లెక్కించిన ప్రసిద్ధ ప్రకరణము కలదు. శారిబ అందు ఒక్క వర్గముతో తృప్తిపడలేదు: దాహమును మంటను శమింపజేయువానిలోను, జ్వరము నడచువానిలోను, చర్మవర్ణమును బాగుపరచువానిలోను, కంఠమునకు హితమగువానిలోను, చనుబాలను శుద్ధిచేయువానిలోను కనబడుచున్నది. సుశ్రుతుడైతే ఒక గణమునకే దాని పేరు పెట్టి శారిబాదిగణ మని పిలిచి, చందనము, వట్టివేరు, అతిమధురము మున్నగువానిని దాని వెంట నడిపించి, దప్పి, రక్తపిత్తము, పిత్తజ్వరము, ఒంటిమంట అను నుపద్రవములకు ఆ గణమును విధించెను. ఇచ్చటను నామములచిక్కు తప్పలేదు. శారిబ తెల్లది నల్లది యని రెండువిధములని గ్రంథములు చెప్పగా, తెల్లది సుగంధిపాలయే యని పెద్ద లంగీకరించిరి గాని, నల్లశారిబ పేరిట దేశమున ఒక్కొక్క చోట ఒక్కొక్క తీగను వాడుచున్నారు. పరిమళములేని వేర్లుకూడ ఆ పేరుతో అంగళ్లకు వచ్చుట కలదు. కావున బజారున శారిబ యని కొనువాడు, అది పొట్లములో ఎంత చక్కగా కట్టియున్నను, వేరును గోటితో గీచి మూచూచుట మేలు.

శాస్త్రగ్రంథములెరుగని ఇల్లాలి వైద్యముకూడ ఈ దారినే నడచినది. "ఒంట్లో వేడి చేసింది" అను మాట మన ప్రాంతమున ఎన్ని బాధలకు పేరో! మూత్రమున మంట, నోటిపూత, కండ్లమంట, చెమటకాయలు, వేసవిగడ్డలు అన్నియు ఆ యొక్కమాటలో ఇమిడిపోవును. అట్టివేళ సుగంధిపాల వేళ్లను కడిగి దంచి, నడిమి కఱ్ఱను తీసివేసి, బెరడును వేడినీట వేసి మూతపెట్టి, రాత్రియెల్ల నానబెట్టి, తెల్లవారి వడగట్టి, కలకండ కలిపి ఇత్తురు. కొందరు పాలతో నూరి యిత్తురు. మారేడు గడ్డలను మాత్రము తమిళ సంప్రదాయమున్న ఇండ్లలో చెక్కుతీసి, కఱ్ఱ పారవేసి, చిన్నముక్కలుగా తరిగి, పుల్లని మజ్జిగలో ఉప్పు, కారము, ఆవపొడి కలిపి ఊరవేయుదురు. ఆ ఊరగాయ రుచి అలవాటు లేనివానికి వింతగా తోచును గాని అలవడినవాడు దానికై వెదకుకొని పోవును. మజ్జిగలో ఊరిన పదార్థము అంతకాలము చెడక నిలుచుట ఎట్లని ఆ ఇల్లాలు ఆలోచించెనో లేదో తెలియదు. ఆ ప్రశ్నకు సమాధానము ఈ అధ్యాయముయొక్క నడిబొడ్డున నున్నది. అచ్చటికి చేరుటకు ముందు ఒకమారు సముద్రము దాటవలసియున్నది.

పదునారవ శతాబ్దమున స్పెయిను దేశీయులు మధ్య అమెరికానుండి సర్సాపరిల్లా యను ముళ్లతీగ వేరును ఐరోపాకు కొనిపోయి, అచ్చట వ్యాపించిన సవాయిరోగమునకు దానిని దివ్యౌషధముగా వాడిరి. ఆ వేరు ఖరీదైనది. మూడువందల యేండ్ల పిమ్మట, హిందూదేశమున అట్టి "రక్తశుద్ధి" చేయు వేరు చౌకగా దొరకునన్న వార్త ఐరోపావారికి చేరెను. 1831లో ఆష్‌బర్నరను వైద్యుడు సుగంధిపాలను ఆంగ్లవైద్యుల దృష్టికి తెచ్చెను. 1837లో గార్డెనను నతడు ఈ వేరునుండి ఒక ఆమ్లమును తీసి, వేరు స్మైలాక్స్ ఆస్పెరా అను మరియొక మొక్కదని పొరబడి, ఆ యామ్లమునకు స్మైలాస్పెరిక్ ఆమ్లమని నామకరణము చేసెను. మన కంచెతీగ అక్కడకూడ మారుపేరుతోనే తిరిగినదన్నమాట! కలకత్తాలో ఆచార్యుడుగా నుండిన ఓషానెస్సీ దీనిని రోగుల కిచ్చి చూచి, రెండు ఔన్సుల వేరును ఒక పైంటు నీటిలో నానబెట్టి దినమున త్రాగించినచో మూత్రము మూడు నాలుగింతలు హెచ్చినదనియు, ఆకలి పెరిగినదనియు వ్రాసెను. 1864లో బ్రిటిషు ఔషధసంహిత మొదటి కూర్పు వెలువడినప్పుడు హెమిడెస్మస్ అందు చోటు సంపాదించినది.

ఓషానెస్సీ పరిశీలన విలువైనదే గాని, దానిని చదువునప్పుడు మన మొక ప్రశ్న వేయవలెను. పైంటనగా అరలీటరునకు పైచిలుకు. అంత నీటిని వేరు లేకుండ త్రాగినవానికి మూత్ర మెంత హెచ్చియుండును? ఆ పోలిక లేనిదే గుణము వేరుదో నీటిదో తేల్చుట సాధ్యము కాదు. ఒక గుంపునకు మందును, అట్టిదే మరియొక గుంపునకు మందులేని రుచిగల నీటిని ఇచ్చి, ఎవరికి ఏది యిచ్చితిమో రోగికిని వైద్యునికిని తెలియకుండ జూచు పద్ధతి తరువాతి కాలమున ఏర్పడినది. సవాయిరోగము విషయమున తీర్పు తేటతెల్లముగా వచ్చినది. 1910లో ఎర్లిఖ్ వెలువరించిన సాల్వర్సాను, 1943నుండి పెనిసిలిను ఆ వ్యాధిని నిజముగా నయముచేయగా, సర్సాపరిల్లాయు సుగంధిపాలయు ఆ రంగమునుండి తప్పుకొన్నవి. ఐరోపా వైద్యుడు దానిని చేదుమందులను మ్రింగించుటకు పనికివచ్చు పరిమళపు పాకముగా మాత్రము కొంతకాలము వాడుకొని విడిచెను.

అయితే ఆ బ్రిటిషు సంహితలోని పాకవిధానమును చూచినవారికి ఆశ్చర్యము కలుగును. నలుగగొట్టిన వేరు నాలుగు ఔన్సులు. దానిపై మరుగునీరు ఒక పైంటు. మూతగల పాత్రలో నాలుగుగంటలు నానవలెను. వడగట్టిన పిమ్మట శుద్ధిచేసిన చక్కెర ఇరువదియెనిమిది ఔన్సులు. మన యిల్లాలు చేయునదియు ఇదియే. ఇరువురును వేరును మరిగింపరు, నానబెట్టుదురు; ఇరువురును మూత మరువరు. ఇట్లేల?

నన్నారి పరిమళమునకు మూలమైన పదార్థమును రసాయనవేత్తలు 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీబెంజాల్డిహైడు అందురు. పేరు భయపెట్టును గాని వస్తువు సరళము. ఆరు చుక్కల ముగ్గును ఊహింపుడు. ఆరు చుక్కలును ఆరు కర్బన పరమాణువులు; వాని చుట్టు కలిపిన గీత షట్కోణము. ఆ చుక్కలలో మూడింటిపై మూడువిధముల పువ్వులు పెట్టితిమి: ఒకటి ఆల్డిహైడు సమూహము, ఒకటి హైడ్రాక్సిలు, ఒకటి మెథాక్సీ. మెక్సికో దేశపు వెనిలా కాయకు సువాసన నిచ్చు వెనిలినులోకూడ ఉన్నవి ఈ మూడు పువ్వులే. పరమాణువుల లెక్క ఒక్కటే, బరువు ఒక్కటే. భేదమంతయు ఏ పువ్వు ఏ చుక్కపై నున్నదన్న దానిలోనే. వెనిలినులో హైడ్రాక్సిలు ఆల్డిహైడునకు ఎదుటి చుక్కపై దూరముగా నుండగా, నన్నారి పదార్థమున అది ప్రక్క చుక్కపైనే కూర్చున్నది. ప్రక్కప్రక్కనున్నందున ఆ రెండును ఒకదాని చేయి మరియొకటి పట్టుకొని, ఇరుగుపొరుగు అణువులతోను నీటితోను అల్లుకొనుట తగ్గించుకొనును. కావున ఆ యణువు నీటియావిరితోపాటు సులభముగా లేచిపోవును. మూతలేక మరిగించితిమా, పరిమళము వంటయిల్లంతయు నిండి పాత్రలో చేదు మాత్రము మిగులును. రసాయనశాస్త్రము పుట్టక మునుపే ఆ పాత్రపై మూత వేసిన చేతికి నేను నమస్కరింతును.

మారేడు గడ్డలనుండి ఆవిరిపట్టి తీసిన తైలమును మైసూరులో పరిశోధకులు విశ్లేషింపగా, అందు నూటికి తొంబదియారు పాళ్లు ఈ యొక్క పదార్థమే యని తేలినది. ప్రకృతిలో ఒక సుగంధతైలము దాదాపు ఏకద్రవ్యముగా నుండుట అరుదు. మల్లెలోను గులాబిలోను పదులకొలది పదార్థములు కలసి పరిమళించును. మొక్క యింత శ్రద్ధగా ఒకే పదార్థమును వేరున నింపుకొన్నదన్నచో దానికేదో గట్టి యక్కర యుండవలెను. అది మనకు షర్బతు కావలెనని కాదు. పిడికెడు మంటిలో ఏండ్లకొలది బలియు కండగల దుంప భూమిలోని పురుగులకును బూజులకును ఎంతటి విందో ఆలోచింపుడు. ఆ విందును కాపాడుకొనుటకు మొక్క పూనిన కవచమే ఈ పరిమళము. 1950లో మైసూరున స్థాపితమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు శతాబ్దాంతమున చేసిన ప్రయోగములలో, ఈ వేరు సారము ధాన్యమున పడు ముక్కపురుగు వంటివానిని చంపుననియు, ఆహారమును చెరచు సూక్ష్మజీవులను అణచుననియు నిరూపించిరి. మజ్జిగలోని ఊరగాయ చెడకుండుటలో ఉప్పు పులుపులతోపాటు ఈ కవచమునకును భాగమున్నదని ఇందుచే ఊహింపవచ్చును. మనము మండుటెండలో చల్లగా త్రాగునది ఒక మొక్కయొక్క ఆయుధమన్నమాట.

ఇదే పదార్థము ఆఫ్రికా ఖండమున మోండియా వైటీ యను తీగ వేరునను కలదు. అదియు మన తీగల వంశముదే. అక్కడివారును దానిని ఆకలికొరకు నమలుదురు. ఆ ఖండపు ఔషధవృక్షములను పరీక్షించిన అమెరికా శాస్త్రజ్ఞులు 1999లో ఒక సంగతి ప్రకటించిరి: ఈ పదార్థము టైరోసినేసు అను ఎంజైము పనిని గట్టిగా నిరోధించును. మన చర్మమునకు వన్నెనిచ్చు మెలనిను తయారగుటకు ఆ యెంజైమే మూలము. శారిబను వర్ణ్యవర్గమున చేర్చిన చరకుని తలచుకొని మనసు పులకించుట సహజమే. కాని పరీక్షనాళికలో ఎంజైము నాపిన పదార్థము, నోట త్రాగినప్పుడు కడుపులో జీర్ణమై, రక్తమున పలచనై, చర్మము చేరి అదే పని చేయునని చెప్పుటకు వీలులేదు. ప్రాచీనుల మాటకును నవీనుల ప్రయోగమునకును నడుమ పోలిక కనబడినంతనే ఋజువైనదని చాటుట రెంటికిని అన్యాయము.

పాముకాటు విషయమున ఈ జాగ్రత్త ప్రాణావశ్యకము. యానాదులు మొదలైన అడవిజనులు సుగంధిపాల వేరును పాముకాటునకు వాడుదురన్న ప్రసిద్ధి కలదు. 1990వ దశకమున కలకత్తా పరిశోధకులు ఈ వేరునుండి పరిమళద్రవ్యమునకు తోబుట్టువైన ఒక ఆమ్లమును వేరుచేసి, అది ఎలుకలలో రక్తపింజర విషమువలన కలుగు రక్తస్రావమును మరణములను కొంత అరికట్టెనని చూపిరి. ఇది ఆదరణీయమైన పరిశోధన. అయినను కాటుపడిన మనుష్యునికి వేరు నూరిపోయుచు గడిపిన గంట మృత్యువున కిచ్చిన గంటయే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాల్గింటి విషములకును విరుగుడైన మందు ఆసుపత్రులలో నున్నది. రోగిని కదలనీయక అచ్చటికి చేర్చుటయే చికిత్స.

మరి వేసవిలో నన్నారి చేయు మేలు కల్లయా? కాదు. ఎండన పడి వచ్చినవానికి మొదట కావలసినది నీరు. నీటిని ఇష్టముతో రెండు గ్లాసులు త్రాగించు గుణము నన్నారికి కలదు. నిమ్మరసమును చిటికెడు ఉప్పును తోడైనచో చెమటలో పోయినది కొంత తిరిగి వచ్చును. వేరు సారమునకు ఆమ్లజనివలన కలుగు దోషములను అడ్డుకొను గుణమును, సూక్ష్మజీవులను అణచు గుణమును ప్రయోగశాలలలో కనబడినవి గాని మనుష్యులపై నియమబద్ధముగా జరిగిన పరీక్షలు స్వల్పము. మధుమేహమున్నవారు మాత్రము ఆ బ్రిటిషు పాకమున వేరెంత, చక్కెరయెంత యని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను: ఒకటికి ఏడు.

ఇంతవరకు వేరు మనకేమి చేయునో చెప్పుకొంటిమి. మనము వేరునకు చేయుచున్నదేమి యన్నది చెప్పుటకు మనసొప్పకున్నను చెప్పక తప్పదు.

శ్రీహరికోట దీవిని 1835లో కుంపిణీ ప్రభుత్వము వశపరచుకొన్నప్పుడు, అచ్చటి యానాదులు తేనెను, చిరివేరును, మూలికలను సేకరించి ఇచ్చి బదులు గింజలు పొందు నేర్పాటు నడచినది. అడవిని చదువనేర్చిన ఆ జాతి విద్య నాటినుండియే పరుల అంగళ్లకు కూలియైనది. కొండల యానాదులకు మారేడు గడ్డ త్రవ్వుట పరంపరగా వచ్చిన పని. గడ్డపారతో రాతిసందును పెకలించి, దుంపగుత్తిలో బలిసినవానిని కోసికొని, తల్లివేరును కొన్ని లేతదుంపలతో విడిచి మన్ను కప్పినయెడల తీగ చావదు, మరల చిగిర్చును. ఇది త్రవ్వువాడు మరుసటి యేడును అచ్చటికే రాదలచినప్పుడు సాగు పద్ధతి. కిలోలెక్కన డబ్బు చేతబడి, రేపు మరియొకడు వచ్చి త్రవ్వుకొనిపోవునను భయము మనసున పడినప్పుడు, తల్లివేరును విడిచిపెట్టువాడు అవివేకిగా తోచును. అప్పుడు బండయే తిరగబడును, తీగయంతయు పెకలిపోవును. తప్పు త్రవ్విన బీదవానిది మాత్రమే యని నేననను. గ్లాసు పట్టుకొన్న మన చేతిలోను ఆ గడ్డపార యున్నది.

ఆకును వాడు మూలిక కోసినను మిగులును. పండును వాడునది గింజ నిచ్చియే పోవును. వేరును వాడునదానికి ఆ సౌకర్యము లేదు. అందునను దుంప బలియుటకు ఏండ్లు పట్టు తీగను, కాయ పగిలి దూదిగింజ ఎగురక మునుపే పెకలించినచో ఆ నెఱ్ఱెలో తరువాతి తరము లేదు. శేషాచలపు అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమున కొంత మేరకును, 2010లో జీవావరణ పరిరక్షణ మండలముగా మరింత విస్తృతముగాను రక్షణ పొందినవి. అయినను ఎఱ్ఱచందనపు దుంగ దొంగిలిపోయినప్పుడు లేచు అలజడిలో నూరవవంతైనను గోతములో పోవు వేరునకు లేవదు. దుంగ పెద్దది, కంటబడును. డెకాలెపిస్ నేడు అంతర్జాతీయ ఎఱ్ఱపట్టికలో అంతరించిపోవు ప్రమాదమునకు లోనైన జాతిగా చేరినది.

ఇచ్చట ఆ తారుమారు సంగతిని మరల తలచుకొందము. చరకుడును సుశ్రుతుడును చెప్పిన శారిబ కొండమీది తీగ కాదు, కంచెలోని తీగ. ఔషధముగా కోరువానికి కావలసినది సుగంధిపాలయే. అది దేశమంతటను మొలచును. వేరుముక్కనుండియు కాడముక్కనుండియు పెంచవచ్చును. తోటచెట్ల నీడను సహించును. దాని వేరు సన్నమగుటచేత శేరు కూడబెట్టుటకు శ్రమ హెచ్చు, కండ తక్కువ. వర్తకునికి లావుపాటి మారేడు గడ్డ తక్కువ శ్రమతో ఎక్కువ సారము నిచ్చును. వైద్యముపేరిట గాక తూనికపేరిట కొండతీగ బలియగుచున్నదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? మారేడు గడ్డనుకూడ కణజాలపద్ధతిచే ప్రయోగశాలలలో మొలిపించుటకు శాస్త్రజ్ఞులు మార్గములు చూపిరి. మామిడితోటలకు పేరొందిన చిత్తూరు జిల్లాలో చెట్ల నడుమ ఖాళీగా పడియుండు నేలకు కొదువలేదు.

తొలకరి పడిన పది పదునైదు దినములకు పొలముగట్టున పోవునప్పుడు కంచెను కొంచెము తీరికగా చూడుడు. తెల్లచార గల సన్నని ఆకు, ఎదుట దానికి జోడు. త్రుంచినచో ఒక పాలచుక్క. మొదట మన్ను కొద్దిగా తొలగించి, వేరు బెరడును గోటితో గీచి, ఆ వ్రేలిని ముక్కునొద్ద నుంచుకొనుడు. సోడాబండి యొద్ద ఎరిగిన పరిమళమే అది. తరువాత మన్ను తిరిగి కప్పివేయుడు. వేసవిలో దాని సన్నని జంటకాయలు ఎండి విచ్చును. పట్టుదూది గింజలు గాలివాలున పొరుగు గట్టునకు పోవును.